ఐర్లాండ్ శిథిలాలు, ప్రకృతి ఫొటోల కోసం: ఏ చోటు, ఏ నెల ఎంచుకోవాలి?

ఐర్లాండ్‌కు కెమెరాతో వెళ్లేవారిలో చాలామంది పేరున్న చోట్ల జాబితా రాసుకుని బయలుదేరతారు. న్యూగ్రేంజ్, గ్లెన్‌డలాక్, కాషెల్, మోహర్ కొండగోడలు, డింగిల్. నాలుగు రోజుల్లో ద్వీపమంతా చుట్టి, ప్రతి చోటా నడిమధ్యాహ్నం గంటసేపు ఆగి వస్తారు. ఆ ఫొటోల్లో రాయి ఉంటుంది, పచ్చిక ఉంటుంది, వెలుగు మాత్రం ఉండదు. అందుకే పేరు చూసి ఎంచుకోవద్దంటాను. ఒక చోటు గురించి ముందుగా తెలుసుకోవలసింది అక్కడ గేటు ఉందా లేదా అన్నదే.

టికెట్టు, తెరిచే వేళ, మూసే వేళ ఉన్న చోట్లు ఒక రకం. న్యూగ్రేంజ్, కాషెల్, క్లాన్‌మాక్‌నాయ్స్ పాత ఆశ్రమం ఆ కోవలోవి. పొలం మధ్యనో ఊరి శ్మశానంలోనో నిలబడి, ఏ వేళకైనా వెళ్లనిచ్చేవి రెండో రకం. పూల్నబ్రోన్ డోల్మెన్ (నిలువు బండల మీద పెద్ద బండ కప్పిన ప్రాచీన సమాధి), హోర్ మఠం, కార్కమ్రో మఠం, మొనాస్టర్‌బోయిస్ శిలువలు, పూర్వపు ఐర్లాండ్ రాజుల పీఠమైన టారా గుట్ట ఇలాంటివి. ఈ రెండింటిలో ఏది మేలన్నది మీరు వెళ్లే నెలే తేలుస్తుంది.

డబ్లిన్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో అక్కడ తెల్లవారుజామున ఐదింటికే పొద్దు పొడుస్తుంది, రాత్రి పది కావస్తుండగా గాని అస్తమించదు. పడమటి తీరంలో పది దాటుతుంది. అదే డిసెంబరు మూడో వారంలో సూర్యోదయం ఉదయం 8:40 ప్రాంతంలో, అస్తమయం సాయంత్రం 4:10 లోపే. ఇంకా ముఖ్యమైన సంగతి సూర్యుడి ఎత్తు. డిసెంబరు నడిమధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటే, డబ్లిన్‌లో 13 డిగ్రీలు మించడు. అంటే చలికాలంలో మబ్బు విడిచిన ప్రతిసారీ, పగలంతా, మనం సాయంత్రానికి గాని చూడని నీరెండే పడుతుంది. గోడల మీది చెక్కడాలు, గడ్డి కింద అణగిపోయిన మట్టికట్టలు ఆ ఏటవాలు వెలుగులోనే పైకి తేలుతాయి.

దీన్నిబట్టి లెక్క సులువు. మే నుంచి ఆగస్టు వరకు మంచి వెలుగు ఉండే రెండు పూటల్లోనూ గేట్లు మూసే ఉంటాయి. కాబట్టి గేటు లేని చోట్లను ఎంచుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గేటు తెరిచి ఉన్న వేళలన్నీ మంచి వేళలే. టికెట్టు చోట్లను అప్పుడే చూడాలి, జనమూ తక్కువే. ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు రెండింటికీ పనికొస్తాయి. ఒకే నెల చెప్పమంటే అక్టోబరు అంటాను. బీడునేలల మీద పెరిగే పొడవాటి గడ్డి ఆ నెలలో తుప్పురంగుకు తిరుగుతుంది. పొద్దు మరీ కురచ కాదు, తెల్లవారుజామున మూడున్నరకే లేవనక్కర్లేదు.

కాషెల్, హోర్: పక్కపక్కనే ఉన్న జవాబు

ఈ లెక్క ఎలా పనిచేస్తుందో టిప్పరేరీ జిల్లాలోని కాషెల్‌లో కళ్లారా చూడవచ్చు. మైదానంలోంచి లేచిన సున్నపురాతి గుట్ట, దాని మీద గుండ్రని గోపురం, పైకప్పు లేని పెద్ద చర్చి, 1134లో ప్రతిష్ఠ జరిగిన కార్మాక్ ప్రార్థనా మందిరం. గుట్టెక్కడానికి టికెట్టు కావాలి. వేసవిలో పొద్దు బాగా వాలి మంచి వెలుగు రాకముందే బయటికి పంపేస్తారు. గుట్టకు పడమరగా, నడిచి వెళ్లేంత దూరంలో, ఆవులు మేసే పొలంలో హోర్ మఠం ఉంది. 13వ శతాబ్దానికి చెందిన, సిస్టెర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల కట్టడం. గేటు లేదు, టికెట్టు లేదు. జూన్ సాయంత్రం తొమ్మిదిన్నరకు అక్కడ నిలబడితే మీ వెనకనుంచి పడే వెలుగు ఎదుట ఉన్న కాషెల్ గుట్టనంతా రాగిరంగుకు తిప్పుతుంది. మఠం కిటికీ కమానులోంచి గుట్టను చూపవచ్చు. ఆ సమయానికి గుట్ట మీద ఒక్క మనిషీ ఉండడు.

డిసెంబరులో ఇదంతా తలకిందులవుతుంది. గుట్ట మీద వేళలు సాయంత్రం నాలుగున్నర ప్రాంతం దాకా ఉంటాయి, పొద్దు అంతకుముందే గుంకుతుంది. లోపల ఉండగానే చివరి కిరణం దాకా దొరుకుతుంది. వేసవిలో వెళ్లేవారు కాషెల్ టికెట్టు మానుకున్నా నష్టం లేదు గాని హోర్‌ను మాత్రం మానుకోకూడదు.

డబ్లిన్ నుంచి ఒక్కరోజు: గ్లెన్‌డలాక్‌కా, బోయిన్ లోయకా?

డబ్లిన్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగువారికి ఎక్కువగా వచ్చే సందేహం ఇది. కారు ఉండదు, సెలవు ఒకటే రోజు.

గ్లెన్‌డలాక్ విక్లో కొండల్లో ఉంది. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ స్థాపించిన ఆశ్రమం, దాదాపు 30 మీటర్ల గుండ్రని గోపురం, రెండు సరస్సులు, ఓక్ అడవి. శిథిలం, ప్రకృతి ఒకే నడకలో దొరికే చోటు దేశంలో ఇంతకన్నా దగ్గరలో లేదు. ఆశ్రమ ప్రాంగణానికి టికెట్టు లేదు. డబ్లిన్ నుంచి నేరుగా బస్సు ఉన్నా రోజుకు కొద్దిసార్లే, తెల్లవారు వెలుగుకు అది అందదు. వీలైతే పక్కనే ఉన్న లారా గ్రామంలో ఒక రాత్రి ఉండండి. పొద్దున్నే సరస్సు మీద గాలి లేనప్పుడు కొండల నీడ చెదరకుండా నిలుస్తుంది. పది దాటితే టూరు బస్సులు వస్తాయి.

అయితే నడి చలికాలానికి మాత్రం గ్లెన్‌డలాక్‌ను నేను సిఫారసు చేయను. పై సరస్సుకు దక్షిణాన స్పింక్ కొండ నిటారుగా లేచి ఉంది. డిసెంబరు సూర్యుడు ఆ అంచు దాటి పైకి రాలేడు, లోయ అడుగు నీడలో మిగిలిపోతుంది. ఇక్కడికి అక్టోబరు చివర గాని, ఏప్రిల్, మే నెలల్లో గాని వెళ్లాలి. స్పింక్ మీదికి చెక్కబాట ఉంది. పైనుంచి రెండు సరస్సులూ ఒకే చట్రంలోకి వస్తాయి. కింది నుంచి మాత్రమే తీసి వెనక్కి వచ్చేయకండి.

డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న బోయిన్ లోయ స్వభావం వేరు. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన న్యూగ్రేంజ్ సమాధి ఇక్కడిదే. డిసెంబరులో పగలు అతి కురచగా ఉండే అయనాంత దినాల్లో ఉదయించే సూర్యుడి వెలుగు ద్వారం పైనున్న కంతలోంచి 19 మీటర్ల సొరంగం దాటి లోపలి గదిని చేరుతుంది. ఇంత గొప్ప చోటు, కానీ ఫొటోల కోసమే వెళ్లేవారికి ఇబ్బంది చాలా ఉంది. సందర్శక కేంద్రం నుంచి వారి బస్సులో, గైడు వెంట, వారిచ్చిన సమయంలోనే వెళ్లాలి. గది లోపల ఫొటో తీయనివ్వరు. ముందువైపు తెల్లని స్ఫటికశిల గోడ తవ్వకాల తర్వాత 1970లలో తిరిగి నిలబెట్టినది, అది ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. చలికాలం ఉదయం మొదటి టూరు తీసుకుంటేనే వెలుగు దాని మీద పక్కగా పడి ద్వారం ముందున్న రాతి మీద చెక్కిన సుడులు కనిపిస్తాయి. వేసవి మధ్యాహ్నం అవే సుడులు బూడిదరంగు మచ్చల్లా తేలిపోతాయి.

బోయిన్ పరిసరాల్లో కెమెరాకు నిజమైన విందు గేటు లేని చోట్లలో ఉంది. మొనాస్టర్‌బోయిస్‌లో పదో శతాబ్దపు ముయిరెడాక్ శిలువ అయిదు మీటర్లు దాటిన ఎత్తు, ఒళ్లంతా బైబిల్ కథల చెక్కడాలు. తూర్పు ముఖం మీద అంతిమ తీర్పు, పడమటి ముఖం మీద క్రీస్తును శిలువ వేసిన దృశ్యం. ఏది కావాలో దాన్నిబట్టి పొద్దుటో సాయంత్రమో వెళ్లాలి. లాక్‌క్రూ కొండ మీద న్యూగ్రేంజ్ కాలానికి దగ్గరి సమాధులే ఉన్నాయి. అరగంట లోపే ఎక్కవచ్చు, పైనుంచి నాలుగు దిక్కులా మైదానం కనిపిస్తుంది. టారా గుట్ట చరిత్రలో ఎంత గొప్పదైనా నేల మీదినుంచి పచ్చని మిట్టపల్లాలే. మంచు పేరుకున్న జనవరి ఉదయం మాత్రం ఆ మట్టికట్టల నీడలు గీతగీసినట్లు కనిపిస్తాయి. మిగతా కాలాల్లో టారాకు చరిత్ర కోసం వెళ్లండి, ఫొటో కోసం కాదు.

కారు లేకపోతే గ్లెన్‌డలాక్. కారు ఉండి చలికాలమైతే బోయిన్.

మూడు నాలుగు రోజులు పడమటి తీరంలో

ఇక్కడ పోటీ మూడు ప్రాంతాల మధ్య: క్లేర్ జిల్లాలోని బర్రెన్, కెర్రీలోని డింగిల్ ద్వీపకల్పం, గాల్వే జిల్లాలోని కన్నెమారా. మూడూ కలిపి చూడాలన్న ఆశ సహజం, కానీ వదులుకోండి. పడమటి తీరంలో ఏడాదికి 225 రోజుల దాకా వాన పడే చోట్లున్నాయి. ఒక్కో చోట ఒక్కో రోజు కేటాయిస్తే మూడు చోట్లా వానే ఎదురుకావచ్చు. ఒకే చోట మూడు రోజులుంటే, ఏదో ఒక పూట మబ్బు విడుతుంది. వాన వెలిసిన మరుక్షణం వచ్చే వెలుగే ఐర్లాండ్ ఫొటోలకు ప్రాణం.

నా ఎంపిక బర్రెన్. కారణం చెబుతాను. మిగతా ప్రాంతాల్లో శిథిలం ఒకచోట, దృశ్యం మరోచోట ఉంటాయి. బర్రెన్‌లో నేల, సమాధి, మఠం, పొలం గట్టు అన్నీ ఒకే సున్నపురాయి. హిమానీనదాలు గీకి వదిలిన రాతి పలకలు కిలోమీటర్ల కొద్దీ పరచుకుని ఉంటాయి. వాటి మధ్య వాననీరు తొలిచిన లోతైన పగుళ్లు. ఆ పగుళ్లలో ఫెర్న్‌లు, మే నెలలో చిక్కని నీలిరంగు జెన్షియన్ పూలు. ఆ పలకల మీదే పూల్నబ్రోన్ డోల్మెన్ నిలబడి ఉంది. 1980లలో తవ్వినప్పుడు ముప్పైమందికి పైగా మనుషుల అవశేషాలు దొరికాయి. దాని వయసు అయిదు వేల ఏళ్లు దాటింది. తెలంగాణలో గోదావరి పరిసరాల అడవుల్లో రాక్షసగుళ్లని పిలిచే డోల్మెన్లను చూసినవారికి ఈ ఆకారం కొత్త కాదు. అవి ఇనుప యుగానివి, ఇది రాతియుగానిది. అంత దూరంలో, వేరే మనుషులు, తమవారిని పెద్ద బండల కిందే పడుకోబెట్టారన్న ఊహ నన్ను ప్రతిసారీ కాసేపు ఆపేస్తుంది.

పూల్నబ్రోన్ చుట్టూ తాడు కట్టి ఉంటుంది, దగ్గరికి పోనివ్వరు. అందువల్ల చాలామంది నిలువెత్తున నిలబడి తీస్తారు, డోల్మెన్ చిన్నదై వెనకనున్న గట్టులో కలిసిపోతుంది. కెమెరాను మోకాలి ఎత్తుకు దించండి. పైబండ ఆకాశంలోకి లేస్తుంది, నేల పగుళ్లు దానివైపు దారితీసే గీతలవుతాయి. వాన పడిందని కారులో కూర్చోవద్దు. తడిసిన సున్నపురాయి నల్లబడుతుంది, గుంటల్లో నిలిచిన నీళ్లలో ఆకాశం దిగుతుంది. పొద్దుగుంకాక కూడా ఇక్కడ మసకవెలుగు చాలాసేపు ఉంటుంది. మన దగ్గరలా అరగంటలో చీకటి పడదు. జూన్‌లో రాత్రి పదకొండుకూ పడమర పూర్తిగా ఆరదు.

బర్రెన్‌లో మరో మూడు చోట్లు మరువకూడనివి. ముల్లామోర్ కొండలో రాతిపొరలు వంకర తిరిగి సుడిలా కనిపిస్తాయి. దాన్ని దూరం నుంచి, దూరాన్ని దగ్గర చేసే టెలిఫోటో లెన్స్‌తో తీయాలి. కార్కమ్రో మఠంలో స్తంభాల తలల మీద మొక్కలను చెక్కారు. పైకప్పు సగం లేదు కాబట్టి మబ్బు పట్టిన రోజు మెత్తని వెలుగు లోపలికి సమంగా పడుతుంది. ఇది మబ్బు రోజు కోసమే దాచుకోవలసిన చోటు. గాల్వే జిల్లా సరిహద్దు దాటగానే కిల్‌మక్‌డూవాలో దేశంలోకెల్లా పొడవైన గుండ్రని గోపురం, 34 మీటర్ల ఎత్తు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దాని ఒరుగు తెలియాలంటే కెమెరా వంకర లేకుండా మట్టం సరిచూసుకోవాలి.

మోహర్ కొండగోడలు కూడా ఇక్కడికి దగ్గరే. అత్యధికంగా 214 మీటర్ల ఎత్తు. పడమరకు తిరిగి ఉంటాయి కాబట్టి ఉదయం వెళితే నల్లని నీడలే దొరుకుతాయి. సాయంత్రమే వెళ్లాలి. అంచున గడ్డి కింద మట్టి గట్టిగా ఉండదు, గాలి ఒక్కసారిగా విసురుతుంది. కంచె దాటి తీసిన ఏ ఫొటో ప్రాణానికి సాటి రాదు.

డింగిల్ సంగతి. సముద్రం మీకు ముఖ్యమైతే బర్రెన్ కన్నా ఇదే మేలు. డన్‌క్విన్ రేవుకు దిగే మెలికల బాట, దాని ముందు సముద్రంలో బ్లాస్కెట్ దీవులు. అందులో పెద్ద దీవిని 1953లో ఖాళీ చేయించారు. వదిలి వెళ్లిన ఇళ్ల గోడలు ఇప్పటికీ వాలు మీద నిలిచి ఉన్నాయి. గాలరస్ ప్రార్థనా మందిరం సున్నం వాడకుండా రాతి మీద రాయి పేర్చి కట్టినది, బోర్లించిన పడవలా ఉంటుంది. ద్వారం పడమరకు, చిన్న కిటికీ తూర్పుకు. సాయంత్రం ద్వారంలోంచి లోపలికి వెలుగు జారే వేళకు వెళ్లండి. ఇబ్బందల్లా ఇరుకు దారులు, వేసవి బస్సులు. మంచి వెలుగు వచ్చిన చోట కారు ఆపుకునే జాగా దొరకదు.

కన్నెమారాలో శిథిలాలు తక్కువ, ప్రకృతి ఎక్కువ. డెరీక్లేర్ సరస్సు మధ్య పైన్ చెట్ల చిన్న దీవి, వెనక ట్వెల్వ్ బెన్స్ కొండలు. గాలి లేని తెల్లవారుజామున రోడ్డు పక్కనే నిలబడి తీయవచ్చు. కొండల మీద వెలుగు మచ్చలు మచ్చలుగా పరుగెత్తే ఆట చూడాలంటే దీన్ని మించినది లేదు. పాత కట్టడాల మీదే మనసున్నవారికి మాత్రం రెండు రోజుల్లో వెలితి అనిపిస్తుంది.

గాల్వే నుంచి మోహర్ వైపు తీరం వెంబడి 350 నంబరు బస్సు బాలీవాన్, డూలిన్ మీదుగా తిరుగుతుంది. పూల్నబ్రోన్ లోపలి రోడ్డు మీద ఉంది, అక్కడికి కారో సైకిలో కావాలి. వాహనాలు మన దేశంలో లాగే ఎడమవైపున నడుస్తాయి కాబట్టి కొత్త తడబాటు ఉండదు గాని, పల్లె దారుల్లో ఎదురు వచ్చే ట్రాక్టరుకు వెనక్కి జరిగి దారివ్వడం అలవాటు చేసుకోవాలి.

దీవులు: స్కెల్లిగ్ మైకేలా, ఇనిష్ మోరా?

కెర్రీ తీరానికి ఆవల సముద్రంలో ఉన్న స్కెల్లిగ్ మైకేల్ కోసం ప్రయాణమంతా పణంగా పెట్టవద్దు. 618 రాతిమెట్లు, చివర సన్యాసుల రాతిగుడిసెలు, వేసవి మొదట్లో పఫిన్ పక్షులు. నిజంగా అద్భుతం. కానీ పడవలు వేసవి నెలల్లోనే దిగనిస్తాయి, రోజుకు కొద్దిమందినే, సముద్రం ఒప్పుకుంటేనే. దీవి మీద ఉండే సమయం కూడా నడిపగలే. గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న ఇనిష్ మోర్‌లో రాత్రి బస చేయవచ్చు. కొండగోడ అంచున అర్ధచంద్రాకారంలో ఉన్న డూన్ ఎంగస్ కోటకు వేళలున్నా, దీవి నిండా రాతిగట్లు, చిన్న చర్చి శిథిలాలు ఏ వేళకైనా మీవే. నాలుగు రోజుల ప్రయాణంలో ఒక దీవికే చోటుంటే ఇనిష్ మోర్.

ఏ లెన్స్, ఏ ఫిల్టర్?

అతి వైడ్ లెన్స్, టెలిఫోటో రెండింటిలో ఒకటే తీసుకెళ్లగలిగితే చాలామంది వైడ్ అంటారు. నేను 70–200 ఎం.ఎం. టెలిఫోటో అంటాను. ఐర్లాండ్ కొండలు ఎత్తు తక్కువ, వైడ్‌లో గీతలా అణగిపోతాయి. అదే టెలిఫోటోలో గోపురం వెనక కొండ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. అర కిలోమీటరు దూరంలో ఒక్క పొలం మీద పడిన వెలుగును పట్టుకోవచ్చు. మామూలు 24–105 లెన్స్ ఒక్కటే ఉన్నా దాని 105 వైపు కొసను ఎక్కువ వాడండి.

ఫిల్టర్లలో ఒక్కటి కొనాలంటే పోలరైజర్. తడిరాయి, తడిగడ్డి మీది మెరుపును తీసేసి అసలు రంగును బయటికి తెస్తుంది. ఆ పనిని కంప్యూటర్‌లో తర్వాత చేయలేం. నీలాకాశం ఎక్కువగా ఉన్న వైడ్ ఫొటోలో మాత్రం తీసేయండి, ఆకాశం ఒకపక్కే నల్లబడుతుంది. అలలను పొగలా చూపే ఎన్‌డీ ఫిల్టర్ డింగిల్ వెళ్లేవారికి పనికొస్తుంది, బర్రెన్‌లో దానితో పని తక్కువ.

తేలికపాటి ట్రైపాడ్ అట్లాంటిక్ గాలికి వణుకుతుంది. కాళ్లు పూర్తిగా చాపకుండా, సంచిని నేలకు ఆనేలా వేలాడదీస్తే నిలుస్తుంది. మబ్బు తెల్లగా, రాయి నల్లగా ఉన్నప్పుడు ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టి రాతి మీది వెలుగును తర్వాత కంప్యూటర్‌లో పెంచుకోండి. ఆ పచ్చిక తెరమీద పసుపు ఎక్కువై కనిపిస్తుంది. ఆకుపచ్చను కాదు, పసుపును తగ్గించండి, నేల సహజమవుతుంది. ఫోనుతో తీసేవారికీ ఇదే వర్తిస్తుంది. కెమెరా పట్టిన వివరమంతా దాచే రా (RAW) ఫార్మాట్ ఉంటే అందులోనే తీయండి.

సరిహద్దు, డ్రోను, శ్మశానాలు

డన్‌లూస్ కోట, జెయింట్స్ కాజ్‌వే అనే రాతిస్తంభాల తీరం చూడాలనుకునేవారు ఒక్కటి గమనించాలి. అవి ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉన్నాయి. రోడ్డు మీద తనిఖీ కేంద్రం కనిపించకపోయినా, భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి బ్రిటన్ వీసా అవసరమే, డబ్లిన్‌లో నివాస అనుమతి ఉన్నా సరే. పర్యాటకులుగా వెళ్లే భారతీయులకు రెండు దేశాలకూ చెల్లే ఉమ్మడి వీసా పథకం ఉంది. దరఖాస్తు సమయంలోనే దాని గురించి చూసుకోండి. వీసా లేకపోతే, సముద్రపు అంచున శిథిలం కావాలన్న కోరికను డింగిల్ తీరుస్తుంది.

డ్రోనుకు కెమెరా ఉంటే నడిపేవారు ఐర్లాండ్ విమానయాన సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న కట్టడాల మీద ఎగరేయడానికి విడిగా ముందస్తు అనుమతి కావాలి. టారా ఒక్కటే నిజంగా పైనుంచి అందంగా ఉండే చోటు. మిగతావాటికి డ్రోను మోయడం కన్నా రెండో బ్యాటరీ, పొడి గుడ్డలు మోయడం మేలు.

మొనాస్టర్‌బోయిస్ వంటి చోట్ల పాత శిలువల పక్కనే కొత్త సమాధులుంటాయి, ఊరివారు ఇప్పటికీ అక్కడే ఖననం చేస్తారు. అంత్యక్రియలు జరుగుతుంటే కెమెరా సంచిలో పెట్టి తర్వాత రండి. పొలాల గేట్లు ఎలా ఉన్నాయో అలాగే వదలాలి, మూసినది మూసి. బర్రెన్‌లో కొందరు చిన్న రాళ్లు పేర్చి బొమ్మ డోల్మెన్లు కడుతుంటారు. అందుకోసం పెకిలించే రాళ్ల వల్ల పగుళ్లలోని మొక్కలు చచ్చిపోతాయి, పరిశోధకులకు అసలు గుర్తులు చెదిరిపోతాయి. ముందుభాగంలో రాయి కావాలంటే ఉన్నచోటే ఉన్న రాయిని వెతుక్కుని, మీరే కదలండి.